ఫెలోషిప్‌కి వెళ్తే ఏడాది వృథా అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసింది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ ఇచ్చే ఏడాది కమ్యూనిటీ హెల్త్ ఫెలోషిప్‌కి వెళ్తానంటోంది. స్టయిపెండ్ తక్కువ. జర్మనీకి పంపుదామని మేం ఒక కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కూడా కట్టాం. కార్పొరేట్ ఆసుపత్రి, ఫెలోషిప్, జర్మనీ... ఏది మేలో పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: అడ్వాన్స్ కట్టేముందు అమ్మాయిని అడిగారా? మీ ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా లేదు. జర్మన్ నేర్చుకోవాల్సింది, నైట్ డ్యూటీలు చేయాల్సింది ఆమె. సంతకం మాత్రం మీరు పెట్టేశారు. ఇలా రాసే తల్లిదండ్రులు స్టయిపెండ్ గురించే అడుగుతారు కానీ, లోపలి భయం వేరే: తోటివాళ్లకంటే వెనకబడిపోతుందేమో, పరాయి పల్లెలో ఒంటరిగా ఎలా ఉంటుందో అని. రెండోదానికి జవాబు ఉంది, ఫోన్ చేసి కనుక్కోండి: క్వార్టర్స్‌లో తోడు ఎవరుంటారు, రాత్రి కాన్పు కేసు వస్తే బండి, డ్రైవరు ఉంటారా.

జర్మనీ మోజు మీద నాకు అనుమానాలున్నాయి. జర్మన్ భాషలో మధ్యస్థాయి అయిన బీ1తో విమానం ఎక్కించవచ్చు. డిగ్రీకి అక్కడ గుర్తింపు వచ్చేదాకా మాత్రం ఆమె చేసేది సహాయకురాలి పని, జీతమూ ఆ మేరకే. గుర్తింపుకి సాధారణంగా దాని పై మెట్టు బీ2 భాష కావాలి, పైన నైపుణ్య పరీక్షో, అక్కడి పద్ధతులకు అలవాటుచేసే అడాప్టేషన్ శిక్షణో ఉంటుంది. బ్రోచర్లలో వేసే జీతం ఆ తర్వాతి సంగతి. విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉండగా ప్రైవేటు వాళ్లకి ముందే డబ్బు ఎందుకు కట్టారో నాకర్థం కాలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇచ్చుంటే రేపే వెళ్లి తెచ్చుకోండి.

ఇక ఫెలోషిప్. మంచి చోట దొరికితే, వార్డులో మూడేళ్లకు గానీ రాని నిర్ణయశక్తి ఏడాదిలో వస్తుంది. ఉదాహరణకి, ఎండలో నడిచొచ్చిన గర్భిణికి వెంటనే పట్టీ చుడితే బీపీ ఎక్కువే చూపిస్తుంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఆనించి మళ్లీ చూడాలి. అప్పుడూ 140/90 ఉంటే మూత్రంలో ప్రొటీన్ చూడాలి. తలనొప్పి, చూపు మసకబారడం ఉన్నాయంటే ఆ పూటే పెద్దాసుపత్రికి పంపాలి. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువైతే ఐరన్ మాత్రలిచ్చి ఇంటికి పంపడం కుదరదు. వార్డులో ఇవన్నీ డ్యూటీ డాక్టర్ తేలుస్తారు. ఫెలోషిప్ చేసే పల్లెలో ముందు నర్సే తేల్చాలి. ఛత్తీస్‌గఢ్‌లో గనియారిలోని జన్ స్వాస్థ్య సహయోగ్, రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గరి అమృత్ క్లినిక్‌ల వంటి చోట్ల గ్రామ వైద్యానికి నర్సులే వెన్నెముక.

నష్టం లేదా అంటే ఉంది. వెంటిలేటర్, ఇన్ఫ్యూజన్ పంపు, రక్తమార్పిడి... ఇవి ఏడాదిపాటు ముట్టుకోకపోతే చెయ్యి తిరగదు. అందుకే సొంత ఆసుపత్రి ఉన్న సంస్థనే ఎంచుకోవాలి, నెలలో కొన్ని రోజులు వార్డు డ్యూటీ ఇస్తారా అని ముందే అడగాలి. ఏ మందు నర్సు తనంతట ఇవ్వచ్చో రాతపూర్వకంగా ప్రోటోకాల్ ఉందా, డాక్టర్ ఫోన్‌కి దొరుకుతారా అన్నది అంతకంటే ముఖ్యం. అది లేకపోతే చేరవద్దని నేనే చెప్తాను, ఎందుకంటే తేడా వస్తే మాట పడేది మీ అమ్మాయి.

చాలామంది దెబ్బతినేది సర్టిఫికెట్ దగ్గర. ‘ప్రాజెక్ట్ ఫెలో’ అని రాసిస్తే గల్ఫ్‌లో అది నర్సింగ్ అనుభవంగా నిలబడటం కష్టం. అక్కడి లైసెన్సుల కోసం సర్టిఫికెట్లు తనిఖీచేసే డేటాఫ్లో సంస్థ వాళ్లు కాగితం ఇచ్చిన సంస్థనే సంప్రదించి హోదా, తేదీలు సరిచూస్తారు. ‘రిజిస్టర్డ్ నర్సు’ అన్న హోదా, చేరిన, మానిన తేదీలు, పడకల సంఖ్య, పనిచేసిన విభాగాలు లెటర్‌హెడ్ మీద ఉండాలి. ఇస్తారో లేదో చేరేముందే తేల్చుకోండి. తెలంగాణ నర్సింగ్ ఆఫీసర్ నియామకాల్లో రాతపరీక్షకు 80, కాంట్రాక్ట్ లేదా ఔట్‌సోర్సింగ్ సేవకు 20 పాయింట్లు పెట్టారు. అవి రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసినవాళ్లకే. స్వచ్ఛంద సంస్థలో చేసిన ఏడాదికి ఒక్క పాయింటూ రాదు.

వెనకబడుతుందన్న దిగులు మాత్రం వదిలేయండి. ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష నార్సెట్‌కి బీఎస్సీ వాళ్లను అనుభవం అడగరు; 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లన్న షరతు జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లకే. ఎమ్మెస్సీ నర్సింగ్‌కి ఎలాగూ ఏడాది అనుభవం కావాలి. ప్రజారోగ్యంలో పీజీ అయిన ఎంపీహెచ్ వైపు వెళ్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే కోర్సు ఉంది. ఆంధ్రప్రదేశ్ విలేజ్ క్లినిక్‌లలో ఎంఎల్‌హెచ్‌పీలుగా (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందిగా) చేసేది బీఎస్సీ నర్సులే, అయితే కాంట్రాక్ట్ పద్ధతిలో. కార్పొరేట్ ఆసుపత్రి గురించి పెద్దగా చెప్పను: ఐసీయూ పని నేర్పుతుంది, జీతం అంతంతమాత్రం, ఫెలోషిప్ అయ్యాకైనా తలుపు తెరిచే ఉంటుంది.

తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చాకే బయల్దేరమనండి. దానికి ముందు చేసిన పనిని బయట ఎవరూ అనుభవంగా తీసుకోరు. ఛత్తీస్‌గఢ్ కౌన్సిల్‌లో నమోదుకి ఇక్కడి కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) అడగొచ్చు, ఆ దరఖాస్తు ఈ వారమే పెట్టించండి.