కుక్కలతో ఆర్వీ ప్రయాణం: లాస్ వేగస్ నుంచి బయల్దేరే ముందు

చి. నాన్నకు,

పెద్దమ్మ ఆశీస్సులు. సెప్టెంబరు ఆఖర్లో మీరు నలుగురూ, రెండు కుక్కలూ లాస్ వేగస్‌లో ఆర్వీ (ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని జయాన్, బ్రైస్ నేషనల్ పార్కులు, పేజ్ ఊరు, గ్రాండ్ కాన్యన్ చూసి వస్తామన్నారు. దారి బాగుంది. ఏ రోజు ఎక్కడ అన్న పట్టిక తర్వాత వేసుకోవచ్చు. ముందు ఇంకో పట్టిక వేయండి: ఏ పూట ఎవరు కుక్కల దగ్గర ఉంటారో.

ఎందుకంటే నేషనల్ పార్కుల్లో కుక్కల్ని దాదాపు ఎక్కడికీ రానివ్వరు. జయాన్‌లో వాటికి తెరిచి ఉన్న నడకదారి పారస్ ట్రెయిల్ ఒక్కటే. షటిల్ బస్సు ఎక్కనివ్వరు, అది నడిచే నెలల్లో లోయలోకి సొంత బండి వదలరు. బ్రైస్‌లో తారు, సిమెంటు వేసిన చోట్ల వరకే. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో, అంటే దక్షిణపు గట్టు మీద, అంచు వెంబడి నడిపించవచ్చు కానీ లోయలోకి దించకూడదు. అన్నిచోట్లా లీష్ (కుక్కను పట్టుకునే తాడు) ఆరడుగులకు మించకూడదు, కట్టేసి వదిలి వెళ్ళకూడదు. కాబట్టి ఇద్దరు పొద్దున, ఇద్దరు మధ్యాహ్నం వెళ్ళేలా పంచుకోండి. ఈ మాట ఇంటి దగ్గరే తేలకపోతే మూడో రోజుకు స్నేహాలు చెడతాయి. సౌత్ రిమ్‌లో కెనెల్ (కుక్కల్ని చూసుకునే చోటు) ఉంది, టీకా కాగితాలు చూపించాలి, చోటు ముందే అడిగి పెట్టుకోవాలి.

అందరూ కలిసి కుక్కలతో నడవాలంటే పార్కు సరిహద్దు దాటండి. బ్రైస్‌కు పడమటి వైపున డిక్సీ నేషనల్ ఫారెస్ట్‌లో రెడ్ కాన్యన్ ఉంది, అవే ఎర్రరాళ్ళు, జనం తక్కువ. కోడక్రోమ్ బేసిన్ స్టేట్ పార్కు, పేజ్ దగ్గర హార్స్‌షూ బెండ్ కూడా లీష్‌తో పనికొస్తాయి. జయాన్‌లో వర్జిన్ నది నీళ్ళు మాత్రం తాగనివ్వకు, అందులో దిగనివ్వకు. 2020 జులైలో ఆ నదిలోని సయనోబాక్టీరియా (నీలి ఆకుపచ్చ నాచు) విషం వల్ల ఓ కుక్కపిల్ల చనిపోయింది.

బండి విషయానికొస్తే, నలుగురికి 25 నుంచి 28 అడుగుల క్లాస్ సి (వ్యాను ముందుభాగం మీద కట్టిన ఆర్వీ) చాలు. ఎత్తు దాదాపు 12 అడుగులు ఉంటుంది. అసలు కొలతలు కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. జయాన్ తూర్పు దారిలోని మౌంట్ కార్మెల్ సొరంగం ఇలాంటి బండికి సరిపడదు. వెనక్కి ఐ-15 హైవే ఎక్కి, యూటా 20 రోడ్డు మీదుగా బ్రైస్ చేరండి, మూడు గంటల పైన పట్టినా సాఫీ దారి. మొత్తం 900 మైళ్ళ దాకా అవుతుంది. గాలన్‌కు 8 నుంచి 10 మైళ్ళే ఇస్తుంది కనుక 100 గాలన్ల పెట్రోలు లెక్క వేసుకోండి. గంటకు 60 మైళ్ళు దాటకండి, పక్కగాలి కొడితే ఇంకా తగ్గించండి.

నడిచే బండిలో కుక్కను ఒళ్ళో పెట్టుకోవద్దు, మంచం మీద వదలొద్దు. గట్టి హార్నెస్ వేసి డైనింగ్ సీటు బెల్టుకు తగిలించాలి, లేదా పట్టీలతో బిగించిన క్రేట్‌లో (కుక్కల పెట్టెలో) ఉంచాలి. స్లయిడ్ అవుట్ (ఆగినప్పుడు బండి పక్కగోడను బయటికి జరిపే భాగం) బటన్ నొక్కే ముందు రెండు కుక్కలూ ఎక్కడున్నాయో కళ్ళారా చూసుకో. అవి సరిగ్గా దాని కిందికే దూరతాయి.

ఇప్పుడు కరెంటు. దీన్ని శ్రద్ధగా చదువు, ఇది కుక్కల ప్రాణానికి ముడిపడిన సంగతి. క్యాంపులో బండికి కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం తగిలించే ఏర్పాటును హుక్‌అప్ అంటారు. 30 ఆంప్ హుక్‌అప్ అంటే 3,600 వాట్లు. పైకప్పు ఏసీ 1,500 దాకా తీసుకుంటుంది, మైక్రోవేవ్ మరో 1,500, ఇన్‌స్టంట్ పాట్ 1,000. మూడూ ఒక్కసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అది బయట కరెంటు స్తంభం దగ్గర పడితే లోపల ఉన్నవాళ్ళకు వెంటనే తెలియదు. అన్నం వండేసి మీరు బయటికి పోతే, మూసిన బండిలో ఏసీ ఆగిపోయి ఉంటుంది. బయట 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా, ఎండలో మూసిన కారు అరగంటలో 104కు చేరుతుంది. ఫోన్‌కు హెచ్చరిక పంపే ఉష్ణోగ్రత పరికరాలు దొరుకుతాయి, కొనండి. కానీ సిగ్నల్ లేని చోట అవి ఏమీ పంపలేవు. ఆ లోయల్లో సిగ్నల్ అంతంతమాత్రమే. అందుకే మనిషి కాపలా ఉండాలంటున్నాను. జనరేటర్‌ను నమ్ముకుంటే, పెట్రోలు టాంకు పావు వంతుకు పడిపోగానే అది ఆగిపోతుందని గుర్తుంచుకో.

తారు రోడ్డు మీద అరచేతి వెనక వైపు ఏడు సెకన్లు ఆనించి చూడు. నువ్వు ఓర్చుకోలేకపోతే వాటి పాదాలూ ఓర్చుకోలేవు.

మన వంటలతో మరీ జాగ్రత్త. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి, వండినా పొడి చేసినా ఆ గుణం పోదు. ద్రాక్ష, కిస్‌మిస్ సంగతి అందరికీ తెలుసు. చింతపండు సంగతే మనవాళ్ళకు తెలియదు. ద్రాక్షలో మూత్రపిండాలను పాడుచేసేది టార్టారిక్ ఆమ్లం కావచ్చని పశువైద్య విష నిపుణులు 2021లో చెప్పారు. చింతపండులో అదే ఆమ్లం పుష్కలంగా ఉంది. పులిహోర, చారన్నం మిగిలాయని వాటికి పెట్టకండి. పొరపాటున తింటే ఏఎస్‌పీసీఏ (జంతు సంరక్షణ సంస్థ) విష నియంత్రణ కేంద్రానికి 888-426-4435 నంబరులో ఫోన్ చేయండి, రుసుము తీసుకుంటారు కానీ పగలూ రాత్రీ పలుకుతారు. సెయింట్ జార్జ్, కనాబ్, పేజ్, ఫ్లాగ్‌స్టాఫ్‌లలో పశువైద్యుల నంబర్లు, రేబీస్ టీకా పత్రం కాగితం మీద దగ్గర ఉంచుకో.

టాంకుల పని ఒకరికే అప్పగించకండి, నలుగురూ నేర్చుకోండి. హుక్‌అప్ ఉన్నా సరే, మురుగు టాంకు (టాయిలెట్ నుంచి వచ్చేది) వాల్వు మూసే ఉంచాలి. తెరిచి పెడితే నీరు కారిపోయి గట్టిది అడుగున పేరుకుంటుంది, తర్వాత దేనికీ కదలదు. మూడింట రెండు వంతులు నిండాక గ్లవ్స్ వేసుకుని గొట్టం రెండు చివర్లా బిగించి ముందు మురుగు టాంకు వదలండి, అది మూశాక స్నానం, సింకు నీళ్ళ టాంకు. ఆ సబ్బు నీళ్ళే గొట్టాన్ని కడుగుతాయి. ఆఖర్న టాయిలెట్‌లో రెండు మూడు గాలన్ల నీళ్ళు, టాంకు మందు పోయండి. తాగునీటి గొట్టాన్ని అక్కడికి తీసుకెళ్ళొద్దు. అన్నం మెతుకులు, తాలింపు నూనె సింకులో పోయకుండా గిన్నెల్ని కాగితంతో తుడిచి కడగండి. బ్రైస్ 8,000 అడుగుల ఎత్తులో ఉంది, రాత్రి నీళ్ళు గడ్డకట్టవచ్చు. పడుకునే ముందు బయటి నీటి గొట్టం విప్పేయండి.

గ్రాండ్ కాన్యన్‌లో హుక్‌అప్‌లు కావాలంటే ట్రెయిలర్ విలేజ్ చూడు, మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండవు. జయాన్‌లో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ఉన్న చోట్లున్నాయి, ఆరు నెలల ముందు రిజర్వేషన్లు తెరవగానే అయిపోతాయి.

అద్దె ఒప్పందంలో కుక్కలకు అనుమతి, శుభ్రం చేసే రుసుము, బీమా ఏ మేరకు వర్తిస్తుందో చూడు. మామూలు కారు బీమా చాలాసార్లు ఆర్వీకి పనిచేయదు. ఆ పేజీలు ఫోటో తీసి నాకు పంపు, సంతకం పెట్టకముందే ఒకసారి కలిసి చదువుదాం.

ఇట్లు,
పెద్దమ్మ