పాఠకుల ప్రశ్నలు: కాకరకాయలకు ఆరోగ్య ధ్రువపత్రం

ప్రశ్న: మేము పదిమంది రైతులం కలిసి పందిళ్ల మీద కాకర, పొట్ల పండిస్తున్నాము. యూరప్‌కు కూరగాయలు పంపే వ్యాపారి ఒకరు ఈసారి మా కాయలు తీసుకున్నారు గాని, తనిఖీలో పండు ఈగ బయటపడిందని సరుకంతా పక్కన పెట్టారు. కాయలు పైకి నవనవలాడుతూనే ఉన్నాయి. కోతకు ముందు రోజు గట్టి మందు కొడితే గట్టెక్కుతామా?
– ఒక రైతు, పరకాల మండలం, హనుమకొండ జిల్లా

జవాబు: కోతకు ముందు రోజు మందు కొట్టే ఆలోచనను దయచేసి మానుకోండి. పండు ఈగ గుడ్లు పెట్టేది కాయ తోలు మీద కాదు, తోలు కింద. పైన పడిన మందు చాలావరకు అక్కడికి చేరదు, కాయ మీద మాత్రం దాని అవశేషం మిగిలిపోతుంది. ప్రత్యేకంగా పరిమితి నిర్ణయించని మందులకు యూరప్‌లో కిలోకు 0.01 మిల్లీగ్రామే హద్దు. కాబట్టి పురుగు తనిఖీ దాటినా అవశేషాల పరీక్షలో సరుకు పోతుంది. ఇవి రెండూ వేర్వేరు పరీక్షలన్న సంగతి మన రైతులకు ఎవరూ సరిగా చెప్పకపోవడం బాధాకరం.

ఇంత పట్టింపు దేనికంటే, కాయతో పాటు వెళ్లిన ఈగ అక్కడి తోటల్లో స్థిరపడితే వదిలించడం చాలా కష్టం. 2013లో మన దేశం నుంచి వెళ్లిన 207 సరుకుల్లో పండు ఈగలు, ఇతర పురుగులు దొరకడంతో, 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మామిడిని, వంకాయ, కాకర, పొట్ల, చేమలను నిలిపివేసింది. మామిడికి 2015లోనే అనుమతి తిరిగి వచ్చినా, కూరగాయలకు ఇంకా ఆలస్యమైంది. మీరు వేసిన రెండు పంటలూ ఆ జాబితాలోవే.

ఇవాళ పందిరి కిందికి వెళ్లి, ఒకవైపు వంకర తిరిగిన లేత కాకరకాయనొకదాన్ని కోసి చూడండి. వంపు దగ్గర సూది గుచ్చినట్టు చిన్న గోధుమరంగు చుక్క, దాని మీద ఎండిన జిగురు కనిపిస్తాయి. అక్కడ చాకుతో చీలిస్తే బియ్యపు గింజకన్నా సన్నని తెల్లటి పురుగులు కదులుతుంటాయి. గుడ్డు దశలోనే కాయను కోస్తే ఆ చుక్క తప్ప మరే గుర్తూ ఉండదు. మీ కాయలు నవనవలాడుతూ కనిపించినది అందుకే.

ఎదిగిన పురుగు నేలలోకి దిగి, ఈగగా మారేముందు గూడులో ఉండే కోశస్థ దశకు చేరుతుంది కనుక, రాలిన కాయలను, పుచ్చు కాయలను రోజూ ఏరి లోతుగా పాతిపెట్టాలి. వాటిని గట్టు మీద కుప్పపోస్తే ఈగలను మనమే పెంచినట్టవుతుంది. పూత దశ నుంచే, ఈగలను వాసనతో రప్పించే క్యూ లూర్ ఎర బుట్టలు కట్టండి. వాటిలో పడేది మగ ఈగలే కాబట్టి అవొక్కటే చాలవు. పదిమంది పొలాల్లోనూ ఒకేసారి కడితేనే ఫలితం ఉంటుంది.

ఇక కాగితాల విషయం. ఉద్యాన శాఖ ద్వారా మీ పొలాలను ఎగుమతికి నమోదు చేయించుకుని, సరుకును అపెడా (వ్యవసాయ ఎగుమతుల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ) గుర్తించిన ప్యాక్‌హౌస్‌లోనే, అంటే సరుకును ఏరి ప్యాక్ చేసే కేంద్రంలోనే, గ్రేడింగ్ చేయించాలి. కేంద్ర ప్రభుత్వ మొక్కల క్వారంటైన్ అధికారి పరిశీలించాకే, సరుకులో పురుగు, తెగులు లేవని చెప్పే ఆరోగ్య ధ్రువపత్రం ఇస్తారు. వ్యాపారి గాని, ప్రైవేటు ప్రయోగశాల గాని దాన్ని ఇవ్వలేరు.

ప్రశ్న: కూరగాయలను చెక్క పెట్టెల్లో పంపవచ్చా?
– ఒక పాఠకురాలు, హుజూరాబాద్

జవాబు: పంపవచ్చు. అయితే చాలా దేశాలు పచ్చి చెక్కను అలాగే రానివ్వవు. వేడితో శుద్ధి చేయించేటట్లయితే చెక్క లోపలి భాగం 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం 30 నిమిషాలు ఉండాలి, పెట్టె మీద గోధుమ కంకి గుర్తున్న ముద్ర ఉండాలి. అట్టపెట్టెలకు ఈ నియమం వర్తించదు.