మన ఊళ్ళ వారసత్వం చదవబోతున్న మేనకోడలికి

చి. అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పెట్టినదంతా చదివాను. ఫోన్లో చెబితే "ఊఁ ఊఁ" అనేసి వదిలేస్తావు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. వారసత్వ సంపద గురించి, దాన్ని ఊరి జనంతో కలిసి నిలబెట్టుకోవడం గురించి ఎం.ఏ. చదువుతానన్నావు. అదీ ఒడిశాలోని మన గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల మీదే పని చేస్తానన్నావు. నాకు సంతోషమే. మీ నాన్నకి మాత్రం టెన్షన్ పట్టుకుంది. "అక్కా, ఈ చదువు కూడు పెడుతుందా?" అని అడిగాడు.

ముందు ఆ సంగతి తేల్చేద్దాం. పురావస్తు శాఖ, మ్యూజియాలు, ఆర్కైవ్స్, పాత కట్టడాల్ని కాపాడే ఇంటాక్ లాంటి సంస్థలు, నెట్ పరీక్ష పాసైతే లెక్చరర్ పని. దారులున్నాయి గానీ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. అది తెలిసే దిగు. ఇక కోర్సు పేరు చూసి మోజు పడకు. అహ్మదాబాద్ యూనివర్సిటీలో హెరిటేజ్ మేనేజ్‌మెంట్ ఉంది, నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ ఉంది. మంచివే, కానీ నువ్వు తిరగాల్సిన ఊళ్ళకి ఎంతో దూరం. నన్నడిగితే చరిత్రో, ఆంత్రొపాలజీయో ఏదో ఒక గట్టి సబ్జెక్టు పట్టుకో. బరంపురం యూనివర్సిటీ, కొరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, ఇవన్నీ మీ గుణుపురానికి ఒక రోజు ప్రయాణంలోపే. మేనేజ్‌మెంట్ తర్వాత ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.

నీకు తెలుగు అక్షరాలు నేను పట్టుబట్టి దిద్దించాను కాబట్టి ఈ ఉత్తరం చదవగలుగుతున్నావు. మీ తరంలో ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదివినవాళ్ళలో చాలామందికి తెలుగు నోటికి వస్తుంది, కంటికి రాదు. ఇది నీ పనిలో అడుగడుగునా తగులుతుంది. రేపు ఊళ్ళో పాత ఫొటోల ప్రదర్శన పెట్టి, తెలుగువాళ్ళ వీధి కదా అని బోర్డులన్నీ తెలుగులోనే రాశావనుకో, ఆ వీధి పిల్లలే చదవలేరు. ఒడియాలోనే రాస్తే ముసలమ్మలు మూతి ముడుస్తారు. రెండు లిపుల్లోనూ రాయి, పక్కన ఒకరిని నిలబెట్టి చదివి వినిపించు. సంతకం పెట్టించే కాగితాలకీ ఇదే పద్ధతి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రం అయ్యేదాకా మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకని పాత సర్కారు కాగితాల కోసం భువనేశ్వర్ ఒక్కచోటే వెతికితే సరిపోదు, చెన్నై ఎగ్మోర్‌లో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌కీ వెళ్ళాలి. డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం, సీలు ఉన్న లెటర్ ముందే తీసుకుని బయల్దేరు. లేకపోతే గేటు దగ్గరే సగం రోజు పోతుంది.

గజపతి జిల్లాలోని పర్లాకిమిడి పేరెత్తగానే నిన్ను అడిగేది ఒకటే: ఇంతకీ ఈ ఊరు ఎవరిది? వైవాలో ప్రొఫెసరూ అడుగుతాడు, టీ కొట్టు దగ్గర పెద్దాయనా అడుగుతాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఊళ్ళోనే రాజావారి బడిలో, కాలేజీలో పాఠాలు చెప్పారు. అక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు అక్కడ ఉండనని రాజమండ్రి వెళ్ళిపోయారు. అదే ఊరి మహారాజు కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ ఒడిశా కోసం లండన్ రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్ళి వాదించారు. 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి అయ్యారు (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు). నువ్వు రాసేటప్పుడు ఈ ఇద్దరినీ ఒకే పేజీలో పెట్టు. ఒకరిని ఎత్తడానికి ఇంకొకరిని దించకు. జయపురం సంగతి చూడు. ఆ సంస్థానం ఒడిశాలోకి వెళ్ళింది, కానీ దాని మహారాజు విక్రమదేవవర్మ ఇచ్చిన విరాళాలతో ఆంధ్రా యూనివర్సిటీ పెరిగింది. అక్కడి సైన్స్ కాలేజీకి జయపురం పేరు పెట్టారు. సరిహద్దు గీత గీసినంత తేలిగ్గా మనుషులు రెండు ముక్కలు కాలేదు.

ఎవరిది అన్న ప్రశ్న తప్పని అనను. దానితో మొదలుపెడితే నీకు లాయర్లు, లీడర్లు తప్ప ఎవరూ దొరకరు. అందుకని ముందు వేరే ప్రశ్న వెయ్యి: ఇప్పుడు ఆ పాత గుడినో, కట్టడాన్నో చూసుకుంటున్నది ఎవరు? దీపం ఎవరు పెడుతున్నారు, తాళంచెవి ఎవరింట్లో ఉంటుంది, సున్నం ఎవరు వేయించారు, పోయినేడు వానలకి పెంకులు జారితే చందా ఎవరు పోగుచేశారు. ఇవి అడిగితే పేపర్లో ఎప్పుడూ పేరు పడని మనుషులు నీ నోట్‌బుక్‌లోకి వస్తారు.

బరంపురం ఠాకురాణి జాతర ఇలా చూడడానికి మంచి చోటు. రెండేళ్ళకోసారి వస్తుంది కాబట్టి నీ రెండేళ్ళ కోర్సులో ఒకసారి తప్పకుండా పడుతుంది, ముందే ప్లాన్ చేసుకో. ఊరి దేవత బుఢీ ఠాకురాణి. ఆవిడ పుట్టిల్లు మాత్రం దేశీబెహరా ఇల్లు. ఆయన డేరా అనే నేత కులంవాళ్ళ పెద్ద. ఆ నేతవాళ్ళు ఎప్పుడో తెలుగు నేల నుంచి పట్టు నేయడానికి వచ్చినవాళ్ళు. గుడిలోంచి అమ్మవారు కూతురిలా ఆ వీధికి వచ్చి, జాతర రోజులన్నీ అక్కడుండి, మళ్ళీ గుడికి వెళ్తుంది. ఇది తెలుగు పండగా, ఒడియా పండగా అని అక్కడ ఎవరినైనా అడిగి చూడు, నీ వంక వింతగా చూస్తారు. మొక్కు తీర్చుకోవడానికి వేషాలు కట్టి తిరిగేవాళ్ళ ఫొటోలు అందరూ తీస్తారు, నువ్వూ తియ్యి, ముచ్చటగా ఉంటాయి. కానీ నీ థీసిస్ ఆ వేషాల మీద వద్దు. బరంపురం పట్టుకి ఆ ఊరి సొంత సరుకని చెప్పే జీఐ గుర్తింపు ఉంది, మరి ఆ వీధుల్లో ఇంకా మగ్గం ఆడుతున్న ఇళ్ళు ఏవి? సూరత్ మిల్లుల నుంచి సెలవు పెట్టి జాతరకి వచ్చే మన గంజాం కుర్రాళ్ళు ఏ పని అందుకుంటారు, వాళ్ళు రాకపోతే ఏది ఆగిపోతుంది? ఇది రాస్తే నేను కూర్చుని చదువుతాను.

మీ ఊరి వంశధారే కిందికి పారి శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం పాత గుళ్ళ పక్కగా పోతుంది. పూరీ జగన్నాథుడి గుడి మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగ వంశం వాళ్ళ పాత రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారుల మాట. నువ్వు శాసనాలు చూద్దామని వెళ్తావు. అక్కడివాళ్ళు ముందు చెప్పేది ఇంటి గోల. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్లలోపు కొత్తగా కట్టకూడదు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. 1958 చట్టాన్ని 2010లో సవరించి ఇది ఇంకా గట్టి చేశారు. కూతురి పెళ్ళికి ఒక గది వేసుకుందామనుకున్న మనిషికి వారసత్వం అంటే ఒక నోటీసు. ఆ గోల విసుక్కోకుండా విను. అది వినకుండా జనం భాగస్వామ్యం గురించి ఎన్ని పేజీలు రాసినా దండగ.

సవరల ఊళ్ళకి వెళ్ళేటప్పుడు ఇంకా జాగ్రత్త. గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మలు ఇప్పుడు టీషర్టుల మీద, హోటల్ గోడల మీద కనిపిస్తున్నాయి. వాళ్ళ ఇంట్లో అది పెద్దల కోసం, దేవతల కోసం పూజతో వేసేది. ఫొటో తియ్యొచ్చా అని అడుగు, వద్దంటే కెమెరా సంచిలో పెట్టెయ్యి. కొన్ని ఇళ్ళవాళ్ళు క్రైస్తవం తీసుకున్నాక ఆ బొమ్మలు మానేశారు. "కళ అంతరించిపోతోంది" అని ఏడుపు రాతలు రాయకు. ఎందుకు మానేశారో వాళ్ళనే చెప్పనివ్వు. మాంగెయి గమాంగ్ సవర భాషకి సొరంగ్ సంపెంగ్ అనే సొంత లిపి తయారుచేసింది కూడా ఆ 1936లోనే. మన తెలుగువాళ్ళం గిడుగువారి దగ్గరే ఆగిపోతాం, ఈయన పేరు తలచుకోం. నువ్వు తలచుకో.

ఇక పద్ధతి. ఊళ్ళోకి వెళ్ళగానే నువ్వెవరో, ఏ కాలేజో, ఈ పని వల్ల వాళ్ళకి డబ్బు గానీ ఇల్లు గానీ పింఛను గానీ రాదని మొదటి మాటగా చెప్పు. నోట్‌బుక్ చూస్తే సర్వే అనుకుంటారు. కోతల రోజుల్లో వెళ్ళకు. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఫోన్ చూపించి అడుగు, మధ్యలో ఆపమంటే ఆపు. అన్నిటికన్నా ముఖ్యం, తీసుకున్నది తిరిగివ్వు. ముసలాయన పాడిన పాట ఆయన మనవడి ఫోన్లోకి కూడా వెళ్ళాలి, దిగిన ఫొటో ప్రింటు తీసి ఇవ్వాలి, థీసిస్‌లో ఆ ఊరి భాగాన్ని నాలుగు పేజీలకి కుదించి ఒడియాలో, తెలుగులో రాసి రచ్చబండ దగ్గర చదవాలి. తప్పులు అక్కడికక్కడే పట్టుకుంటారు. గైడ్ కంటే గట్టిగా దిద్దుతారు కూడా.

ఆంధ్రా, ఒడిశా రెండూ మావంటే మావనే సరిహద్దు కొటియా ఊళ్ళ మీద ప్రాజెక్టు అని రాశావు. వద్దు. ఆ పేచీ 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది, ఇంకా చల్లారలేదు. నువ్వు తాతల నాటి కథలు అడిగినా, అటువాళ్ళూ ఇటువాళ్ళూ సాక్ష్యం కోసం వచ్చావనుకుంటారు. ఆ ఊరి మనిషి నీతో మాట్లాడినందుకు తర్వాత ఇబ్బంది పడొచ్చు. పీహెచ్‌డీ నాటికి, నిన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు అక్కడ ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.

అప్లికేషన్ల తేదీలు నువ్వే చూసుకో, నా కళ్ళకి ఆ వెబ్‌సైట్ల అక్షరాలు ఆనడం లేదు. థీసిస్ సినాప్సిస్ రాశాక ఒడియాలో ఉన్నా సరే నాకు పంపు, ప్రింటు తీసి పంపు. మీ నాన్నకి ఆదివారం నేనే ఫోన్ చేస్తాను, ఈలోగా వాడితో వాదన పెట్టుకోకు.

నీ మేనత్త
బరంపురం