ఇంట్లో చేరిన గబ్బిలాలను హాని లేకుండా పంపించడం ఎలా?

అద్దెకున్న పాత ఇంటి పైకప్పులో గబ్బిలాలు చేరాయని, వాటిని చంపకుండా, ఇంట్లోవాళ్లకు ప్రమాదం రాకుండా వదిలించుకునే మార్గం చెప్పమని అడిగారు. మీరు వాటిని తరమవద్దు. వాటంతట అవి బయటికి వెళ్లాక, తిరిగి రాకుండా దారి మూయండి. ఈ రెండు పనుల వరుస తారుమారైతే ఏమవుతుందో చెన్నై పెరంబూరులోని మా ఇంట్లో నేను అనుభవించాను.

మాది టేకు దూలాల మద్రాసు టెర్రసు మిద్దె. దూలాలు కనిపించకూడదని యజమాని ఎప్పుడో కింద ఫాల్స్ సీలింగు వేయించారు. ఆ రెంటికీ మధ్య జానెడు చీకటి సందు ఉంది. ఏసీ గొట్టం కోసం బయటి గోడకు వేసిన కన్నం గుండా చిన్న గబ్బిలాలు ఆ సందులోకి చేరాయి. కన్నం కింద గోడ మీద నల్లటి గింజలు అంటుకుని ఉంటే మొదట బల్లి రెట్ట అనుకున్నాము. బల్లి రెట్టకు చివర తెల్లటి మొన ఉంటుంది, దీనికి లేదు. పుల్లతో నలిపితే పురుగుల రెక్కల ముక్కలు మెరుస్తూ పొడిపొడిగా రాలాయి.

గబ్బిలం దూరిన ఇల్లు పాడుపడుతుందని మా అత్తగారు పట్టుబట్టారు. 2018లో కోళికోడ్‌లో నిపా వచ్చినప్పటి వార్తలు కూడా ఆవిడకు గుర్తున్నాయి. నిపా వైరస్‌కు ఆశ్రయమిచ్చేవి రెక్కలు చాపితే మీటరుకు పైగా ఉండే పండ్ల గబ్బిలాలనీ, అవి చెట్లకు వేలాడతాయే తప్ప మన ఏసీ కన్నంలో పట్టవనీ, ఇవి పురుగులను తిని బతికే బొటనవేలంత ప్రాణులనీ నేను ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. యజమాని మాత్రం "వౌవాల్" (తమిళంలో గబ్బిలం) అన్న మాట చెవిన పడగానే పురుగుమందు కొట్టే మనిషిని పంపారు.

ఆ మనిషి మొదట కన్నంలో గుప్పెడు కలరా ఉండలు పోశాడు. రెండు రోజులు మా తలలు పగిలిపోయాయి, గబ్బిలాలు మాత్రం కదలలేదు. మూడో రోజు మధ్యాహ్నం, నేను ఆఫీసులో ఉండగా, వచ్చి కన్నం నిండా సిమెంటు కూరి డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం గబ్బిలాలు ఎక్కడ ఉంటాయో ఒక్క క్షణం ఆలోచించినా ఆ పని చేసి ఉండడు.

ఆ రాత్రి నెత్తి మీద కాగితం గీకినట్టు చప్పుడు మొదలైంది. పదకొండు దాటాక ఫ్యాను కడ్డీ పైన ఉండే ప్లాస్టిక్ గిన్నె అంచు నుంచి ఒక ముక్కు, ఆ తరువాత మడిచిన గొడుగులాంటి ఒక రెక్క బయటికి వచ్చాయి. మా అబ్బాయి గబగబా ఫ్యాను ఆపాడు. ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన తెలివైన పని అదొక్కటే. గబ్బిలం గది చుట్టూ పది పన్నెండు సార్లు తిరిగి, అలిసిపోయి, తెర మడతల్లో వాలింది. నేను పలుచని తువాలు వేసి దాన్ని పట్టుకున్నాను. నాలుగైదు గ్రాములు కూడా ఉండదేమో, గుండె మాత్రం నా వేళ్ల మధ్య మోటారులా కొట్టుకుంది. కిటికీ దగ్గరికి చేరేలోపే బొటనవేలి మీద సూదితో గుచ్చినట్టయింది. చూస్తే రెండు చుక్కలు. రక్తం కూడా సరిగా రాలేదు. నిద్రలో ఉన్నవారికైతే కరిచిందన్న సంగతే తెలియదు.

పదిహేను నిమిషాల పాటు ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడిగి ఆసుపత్రికి వెళితే, అక్కడి డ్యూటీ డాక్టరు "కుక్క కాదు కదా, ఎందుకండీ కంగారు" అని నవ్వారు. మన దేశంలో రేబిస్ ప్రధానంగా కుక్కల నుంచే వస్తుందన్నది నిజమే. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ గబ్బిలంతో నేరుగా జరిగిన స్పర్శను అత్యంత తీవ్రమైన మూడో తరగతిలోనే చేర్చింది. అలాంటప్పుడు టీకాతో పాటు గాయంలోకి సీరం (వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా ఎక్కించాలి. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకని జబ్బు విషయంలో మొహమాటపడటం నాకు చేతకాదు. నేను వాదించి సీరం వేయించుకున్నాను, 0, 3, 7, 28 రోజుల టీకాలు పూర్తి చేశాను. మీరు కూడా వాదించండి.

అసలు ఆ రాత్రి దాన్ని ముట్టుకోవలసిన అవసరమే లేదు. ఫ్యాను ఆపి, దీపాలు ఆర్పి, లోపలి తలుపు మూసి, కిటికీలు బార్లా తెరిచి మనం బయటికి వచ్చేస్తే, చాలాసార్లు దారి అదే వెతుక్కుంటుంది. నేల మీద పడి ఉంటే మందపాటి తోలు చేతొడుగులు వేసుకుని, పైన డబ్బా బోర్లించి, కింది నుంచి అట్టముక్క జొనిపి తీసుకెళ్లి, గరుకు గోడ మీదో చెట్టు మాను మీదో ఎత్తుగా వదలాలి.

మర్నాడు సిమెంటు పగలగొట్టిస్తే నాలుగు చచ్చి ఉన్నాయి. వాటి పక్కనే దూలాన్ని పట్టుకుని, వెంట్రుకలు ఇంకా రాని గులాబీరంగు పిల్ల ఒకటి బతికి ఉంది. తల్లులు మేతకు వెళుతూ పిల్లలను గూటిలోనే వదిలి వెళతాయి కాబట్టి, పిల్లలు ఉన్నప్పుడు తల్లులను బయటే ఆపేస్తే లోపల పిల్లలు ఆకలితో చస్తాయి. అందువల్ల నెలన్నర ఏమీ చేయకుండా ఆగాము. యజమానికి ఇది నచ్చలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను కాకులు, ఎలుకలతో కలిపి హానికర జంతువుల జాబితాలో పెట్టిందనీ, 2022 సవరణతో ఆ జాబితానే ఎత్తేశారనీ చెప్పాక, ఎందుకో తెలియదు కానీ, శాంతించారు.

ఆ తరువాత ఫ్యాను కడ్డీ చుట్టూ ఉన్న సందుతో సహా తక్కిన పగుళ్లన్నీ మూయించాము. చిటికెన వేలు పట్టే సందైనా వాటికి చాలు. ఏసీ కన్నానికి మాత్రం బయటి వైపు దోమతెర ముక్కను పైన, రెండు పక్కలా బిగించి, అడుగున వదులుగా మూరెడు వేలాడదీశాము. లోపలి గబ్బిలం గోడ వెంబడి జారి కింది నుంచి బయటపడుతుంది. తిరిగి వచ్చేది కన్నం ఉన్న చోటే వాలి, తెర అడ్డుపడి వెనుదిరుగుతుంది. మొదటి సాయంత్రం ఆరున్నరకు మేడ మీద కుర్చీ వేసుకుని లెక్కపెడితే ఇరవై మూడు వచ్చాయి. ఐదో రోజు ఒక్కటి. వారం పూర్తయ్యాక, వరుసగా రెండు సాయంత్రాలు ఏదీ రాలేదని చూసుకుని, కన్నం మూశాము.

రెట్టను పొడిగా ఊడ్వకూడదు. అందులో పెరిగే ఒక రకం బూజు దుమ్ముతో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఎన్95 మాస్కు వేసుకుని, బ్లీచింగు నీళ్లు చల్లి, బాగా నానాక తడిగుడ్డతో ఎత్తి సంచిలో కట్టి పారేశాము.

ఇంతకీ నా కోపమంతా ఏసీ బిగించేవాళ్ల మీదే. అంగుళంన్నర గొట్టానికి మూడంగుళాల కన్నం కొట్టి, చుట్టూ మిగిలిన ఖాళీని అలాగే వదిలేసి, స్టాండు డబ్బులు విడిగా అడుగుతారు. ఈ ఊళ్లో గబ్బిలాలు ఇళ్లలో చేరడానికి సగం కారణం వాళ్లేనని నా గట్టి నమ్మకం. పోయిన వేసవిలో మా రెండో గదికి ఏసీ పెట్టించినప్పుడు, కన్నం పూడ్చకుండా దిగడానికి వీల్లేదని నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. "సార్, ఇందులోంచి గాలి కూడా రాదు" అన్నాడు ఆ అబ్బాయి. అతని పిడికిలి మొత్తం అందులో పట్టింది.