ఒక్క రోజులో 200 డబ్బాలు!

ప్రశ్న: మూడేళ్లుగా జియోకాషింగ్ చేస్తున్నాను. జీపీఎస్ చూపిన చోట ఎవరో దాచిన డబ్బాను వెతికి, లోపలి చీటీలో పేరు రాసి రావడం నా సరదా. ఇప్పటికి 412 దొరికాయి. మా స్నేహితుడు ఒక్క రోజులో 200 రాసుకొచ్చాడు. నేను వెనకబడినట్టేనా?

జవాబు: ఆయన 'పవర్ ట్రయిల్'కు వెళ్లి ఉంటారు. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలని నియమం. ఈ ట్రయిల్‌లో సరిగ్గా అంత దూరానికొకటి చొప్పున రోడ్డు పొడవునా చిన్న కెమెరా ఫిల్ము డబ్బాలు పెట్టుకుంటూ పోతారు. నేనూ ఒకసారి వెళ్లాను. కారు ఆపడం, దిగడం, సంతకం, మళ్లీ ఎక్కడం. 94 అయ్యేసరికి మిగిలింది మోకాళ్ల నొప్పి. (ఆ అంకె చూసుకుని రెండు రోజులు మురిసిపోయిన మాటా నిజమే.)

ఇంకోసారి ఒకే డబ్బా కోసం మూడుసార్లు తిరిగాను. చెట్టు తొర్రలన్నీ తడిమాను. తీరా చూస్తే అది కంచె స్తంభానికి ఉన్న బోల్టు! దాని తల తిప్పితే ఊడి వచ్చింది, లోపల చుట్టిన చీటీ. పెట్టినవాడి మీద కోపం, గౌరవం ఒకేసారి కలిగాయి.

ఈ ఆట వెబ్‌సైటుకు చందా కట్టే సభ్యులకు పది డబ్బాలు దొరికితే, నచ్చిన డబ్బాకు ఒక ఫేవరెట్ పాయింటు ఇచ్చే వీలుంటుంది. అవి ఎక్కువ వచ్చినవాటిని ముందు వెతకండి. అన్నట్టు, 2000 మే 3న డేవ్ ఉల్మర్ అమెరికాలోని ఆరెగాన్‌లో ఈ ఆట మొదలుపెట్టినప్పుడు దాచింది ఒక్క బకెట్టే. మీ 412లో ఇప్పటికీ గుర్తున్నవెన్నో రాయండి. నావైతే ముప్పై దాటవు.