చదువుకుని మళ్లీ పొలానికేనా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరు. మూడెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. నీట్‌లో మెడిసిన్ సీటు వచ్చేన్ని మార్కులు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేర్పిస్తామంటే వద్దంటోంది. అగ్రికల్చర్ బీఎస్సీ చేసి, కొత్త వరి రకాలు తయారుచేసే సైంటిస్టు అవుతానని పట్టుబట్టింది. పోయిన సార్వాలో వాళ్ల నాన్నతో కేళీలు, అంటే చేలో కలిసిన వేరే రకం మొక్కలు, తీయడానికి చేలోకి వెళ్లి, మిగతా చేను కంటే ముందే వెన్ను వేసిన ఒక దుబ్బును వేళ్లతో పెళ్లగించి తెచ్చి కుండీలో పెట్టింది. దాని గింజలు ఇప్పటికీ కవర్లో దాచుకుంది. మా వారేమో ‘మనం పడ్డ కష్టం చాలదా, చదువుకుని మళ్లీ పొలానికేనా’ అంటున్నారు. ఇది మంచి దారేనా? ఉద్యోగం వస్తుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మార్కుల సంగతి ఒకసారి చదివాను, ఆ కుండీ సంగతి మూడుసార్లు చదివాను. కేళీ కనిపిస్తే ఎవరైనా పీకి గట్టు మీద పారేస్తారు. విత్తనంలో వేరే రకం కలవకూడదంటే అదే చేయాలి కూడా. మీ అమ్మాయి పారేయకుండా ‘ఇది ఎందుకు ముందే ఈనింది’ అని అడిగింది. లక్ష దుబ్బుల మధ్య తేడాగా ఉన్న ఒక్కదాన్ని కన్ను పట్టుకోవడం, దాన్ని వదలబుద్ధి కాకపోవడం కొత్త రకాలు తయారుచేసేవాళ్లకు ఉండాల్సిన మొదటి గుణం. మిగతావి కాలేజీలో నేర్పుతారు. ఇది మాత్రం నేర్పడం కష్టం.

అయినా ఒక మాట ఆమెనే సూటిగా అడగండి. మెడిసిన్ రాలేదు కాబట్టి ఇటు వస్తోందా, లేక మెడిసిన్ వచ్చినా ఇటే వచ్చేదా? మొదటిదైతే రెండో ఏడాదికే మనసు విరుగుతుంది. అలా చేరి, నాలుగేళ్లూ ఎంబీబీఎస్ చేస్తున్న స్నేహితుల ఫొటోలు చూసి కుమిలిపోయిన పిల్లలు నాకు తెలుసు. లాంగ్ టర్మ్ వద్దనడం కోచింగ్ అలసటతోనా, నిజంగా ఇష్టం లేకనా అన్నది కూడా మీరే మెల్లగా తెలుసుకోవాలి. తిట్టి అడిగితే చెప్పదు. అన్నం పెట్టేటప్పుడు అడగండి.

ఇక మీ వారి మాట. అందులో కోపం కంటే ప్రేమే ఎక్కువుంది. ముంపులో చేను మునిగితే, కోత వేళ వాన పడితే, కౌలు కట్టాల్సిన రోజు దగ్గర పడితే ఆ ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. బిడ్డకు అది వద్దనుకోవడం న్యాయమే. కానీ ఆమె కోరుకుంటున్నది ఆ కష్టాన్ని మోయడం కాదు, ఆ కష్టంలో ఒక భాగాన్ని విత్తనంలోనే తీసేయడం. ఈ తేడా ఆయనకు ఆయన పొలంలోనే చూపించవచ్చు.

మీ జిల్లాలోని మార్టేరు వరి పరిశోధన స్థానం 1925 నుంచి పనిచేస్తోంది. 1982లో అక్కడి నుంచి వచ్చినదే స్వర్ణ, ఎంటీయూ 7029. ఒడిశా, బెంగాల్, బిహార్ దాకా రైతులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. దాని పెద్ద లోపం, రోజుల తరబడి నీట మునిగితే చచ్చిపోయేది. ఒడిశాలో ఎప్పటినుంచో సాగులో ఉన్న ఒక నాటు వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్ 13ఏ అనే రకం మాత్రం మునిగినా బతికేది. కానీ దిగుబడి తక్కువ, గింజ బాగుండదు. ఆ తట్టుకునే గుణానికి కారణమైన జన్యువును శాస్త్రవేత్తలు గుర్తించి 2006లో ప్రకటించారు. దాన్ని స్వర్ణలోకి తెచ్చారు. 2009లో మన దేశంలో స్వర్ణ సబ్‌1 పేరుతో విడుదలైంది. అది రెండు వారాల వరకు నీటి కింద ఉండి కూడా మళ్లీ చిగురిస్తుంది. గింజ, రుచి, దిగుబడి పాత స్వర్ణవే. ఒక నాటు రకం, దాన్ని పారేయకుండా దాచినవాళ్లు, ప్రయోగశాలలో ఏళ్ల తరబడి వెతికినవాళ్లు, వీళ్లంతా కలిస్తేనే అది మీ మడిలోకి వచ్చింది. మీ వారు ముంపు చూసినవారు కాబట్టి, ఈ కథ నా కంటే మీరు చెబితే ఆయనకు ఎక్కువ తగులుతుంది.

ఇప్పుడు ఈ ఉద్యోగంలో రోజూ ఏం చేస్తారో చెప్పాలి. చాలామంది పిల్లలు తెల్లకోటు, మైక్రోస్కోపు ఊహించుకుని వస్తారు. వరిలో సంకరం చేయాలంటే, అంటే రెండు రకాలను కలపాలంటే, తెల్లవారుజామునే, పూత విచ్చుకోకముందే మడి దగ్గర ఉండాలి. ఒక్కో గింజ పొట్టు కొస కత్తిరించి, లోపలున్న ఆరు కేసరాలనూ సన్నని పటకారుతో తీసేయాలి. ఒక్కటి మిగిలినా తనలో తానే పరాగసంపర్కం జరిగి శ్రమంతా వృథా అవుతుంది. తర్వాత బటర్ పేపర్ సంచి తొడిగి, తండ్రి మొక్క విచ్చుకునే వేళకు దాని పుప్పొడి తెచ్చి దులపాలి. సంచి మీద పెన్సిల్‌తో తల్లి, తండ్రి, తేదీ రాయాలి. ఆ గింజలు మొలిచాక రెండో తరంలో వేల మొక్కలు వస్తాయి. పొడుగు, పొట్టి, ముందు ఈనేది, ఆలస్యంగా ఈనేది, అన్నీ కలగలుపుగా ఉంటాయి. వాటిలోంచి ఏరుతూ, మళ్లీ వేస్తూ, ఐదారు తరాలకు గానీ రకం స్థిరపడదు. ఆ తర్వాత పరిశోధన స్థానంలో పరీక్షలు, పలు జిల్లాల్లో పరీక్షలు, రైతుల పొలాల్లో మినీకిట్లు (పరీక్షగా వేసి చూడమని ఇచ్చే చిన్న విత్తన సంచులు), విడుదల కమిటీ ఉంటాయి. అంతా కలిపి పదేళ్ల మాట. మొదలుపెట్టిన పనికి ఫలితం పదేళ్ల తర్వాత చూసే ఓపిక మీ అమ్మాయికి ఉందా? వేసిన సంకరాల్లో నూటికి తొంభైకి పైగా మధ్యలోనే పారేయాల్సి వస్తే తట్టుకోగలదా? జీతం కంటే ముందు ఈ రెండు ప్రశ్నలకు ఆమె దగ్గర జవాబుండాలి.

ఈ కాలం పిల్లలకు ఒక మంచి సంగతి ఉంది. ఆ పదేళ్లు తగ్గుతున్నాయి. సాంబ మసూరి కథ చూడండి. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 అది, 1986లో విడుదలైంది. తినడానికి దానంత బాగున్నది లేదంటారు మా ఇంట్లో. కానీ ఎండాకు తెగులు వచ్చిందంటే చేను తెల్లబోయేది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి, తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని తెచ్చారు. వాళ్లు ప్రతి మొక్కకూ తెగులు వచ్చేదాకా కాచుకు కూర్చోలేదు. లేత మొక్క నుంచి చిన్న ఆకు ముక్క తీసి డీఎన్ఏ పరీక్ష చేస్తే ఆ మూడూ ఉన్నాయో లేదో ముందే తెలుస్తుంది. లేనివి పక్కన పెట్టేస్తారు.

అక్కడితో ఆగలేదు. 2025 మేలో కేంద్రం ప్రకటించిన రెండు జన్యు సవరణ (మొక్కలో ఉన్న జన్యువునే కొద్దిగా మార్చే పద్ధతి) వరి రకాల్లో ఒకటైన కమల, అంటే డీఆర్‌ఆర్ ధాన్ 100, ఈ సాంబ మసూరి నుంచే వచ్చింది. వెన్నుకు గింజలు ఎక్కువ, పదిహేను ఇరవై రోజులు ముందే కోతకు వస్తుందని చెబుతున్నారు. ముందే కోతకొస్తే ఆ మేరకు నీళ్లూ మిగులుతాయి. రెండోదానికి తల్లి రకం ఎంటీయూ 1010, మన కాటన్ దొర సన్నాలు, అదీ మార్టేరుదే. దేశంలో మొదటి రెండింటికీ తల్లులు తెలుగు నేల రకాలే కావడం చూసి నాకు చాలా సంతోషమేసింది. ఈ పద్ధతి మీద రైతు సంఘాల్లో అభ్యంతరాలున్నాయి, చర్చ నడుస్తోంది. మీ అమ్మాయి ఆ రెండు వైపుల వాదనలూ చదవాలి. రేపు రైతు ఎదురుగా నిలబడి జవాబు చెప్పాల్సింది ఆమే.

వరి ఒక్కటే కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1972 నుంచి మెట్ట పంటల మీద పనిచేస్తోంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వాళ్లవి. కందిపప్పు లేని ఇల్లు మనకు లేదు, అయినా ఆ పంట ఇన్నాళ్లూ చాలా ప్రాంతాల్లో ఖరీఫ్‌కే పరిమితమైపోయింది. 45 డిగ్రీల ఎండను తట్టుకుని వేసవిలోనూ పండే కంది రకాన్ని 2025లో వాళ్లు ముందుకు తెచ్చారు. దాదాపు నాలుగు నెలల్లో కోతకు వస్తుంది. వెలుతురు, వేడి తమ చేతిలో పెట్టుకుని గదుల్లో మొక్కలు పెంచి, కందిలో ఏడాదికి నాలుగు తరాల దాకా తీసే పద్ధతి రూపొందించడం వల్ల ఇలాంటివి వేగంగా సాధ్యమవుతున్నాయి. ఇనుము ఎక్కువున్న సజ్జ, జింక్ ఎక్కువున్న బియ్యం కూడా ఈ వృత్తివాళ్ల పనే. తక్కువ నీటితో, తక్కువ ఎరువుతో, ఎక్కువ పోషకంతో పండేదేమిటన్నదే వచ్చే ముప్పై ఏళ్ల పెద్ద ప్రశ్న అని నా నమ్మకం. అందుకే ఈ రంగంలోకి తెలివైన పిల్లలు రావాలని మనసారా కోరుకుంటాను.

దారి ఇలా ఉంటుంది. బైపీసీ వాళ్లకు ఆచార్య ఎన్జీ రంగా వర్సిటీ సీట్లు ఏపీ ఈఏపీసెట్ ర్యాంకుతో వస్తాయి. ర్యాంకు వచ్చింది కదా అని ఊరుకోకండి, వర్సిటీ విడిగా ప్రకటన ఇస్తుంది, దానికి మళ్లీ దరఖాస్తు చేయాలి. ఏటా కొందరు ఇది తెలియక సీటు పోగొట్టుకుంటున్నారు. రైతు కుటుంబాల పిల్లలకు కోటా ఉంది కాబట్టి పాస్‌పుస్తకం, స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. నిబంధనలు ఈ ఏటి ప్రకటనలో చూసుకోండి. వేరే రాష్ట్రాల వర్సిటీల్లో ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కోటా సీట్లకు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ప్రైవేటు కాలేజీలో చేర్చాల్సి వస్తే మాత్రం ఫీజు అడిగే ముందు ఐసీఏఆర్ గుర్తింపు ఉందా అని అడిగి కాగితం చూడండి. గుర్తింపు లేని డిగ్రీతో పీజీ దగ్గర, ప్రభుత్వ ఉద్యోగం దగ్గర తలుపు మూసుకుపోయి ఏడ్చిన పిల్లల్ని చూశాను. ఇక్కడ మొహమాటం వద్దు.

బీఎస్సీ నాలుగేళ్లు. చివరి ఏడాదిలో కొన్ని నెలలు పల్లెలో రైతుల మధ్య ఉండాలి, అది మీ అమ్మాయికి పుట్టిల్లే. తర్వాత ఎమ్మెస్సీలో ‘జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్’ తీసుకోవాలి. ఐసీఏఆర్ పీజీ పరీక్షలో మంచి ర్యాంకు వస్తే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) దొరుకుతుంది, ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్‌ఐ లాంటి చోట సీటు, ఫెలోషిప్ రెండూ వస్తాయి. ఆపైన పీహెచ్‌డీ. శాస్త్రవేత్త ఉద్యోగాలకు వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక బోర్డు (ఏఎస్‌ఆర్‌బీ) పరీక్ష నిర్వహిస్తుంది. ఇంటర్ తర్వాత తొమ్మిది పదేళ్ల చదువు ఇది. బైపీసీ పిల్లలు లెక్కలు వదిలేశామని సంబరపడతారు. ఇక్కడ వదలవు. స్టాటిస్టిక్స్ ఈ వృత్తికి వెన్నెముక. ఇప్పుడు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ కూడా కావాలి. లెక్కలంటే భయముంటే మొదటి ఏడాదే ఆ భయం పోగొట్టుకోవాలి.

ఉద్యోగం వస్తుందా అన్నారు. ప్రభుత్వ శాస్త్రవేత్త పోస్టులు తక్కువ, ప్రకటనల మధ్య ఏళ్లు గడుస్తాయి. పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్లు ప్రాజెక్టుల్లో కాంట్రాక్టు మీద చేయాల్సి రావచ్చు. ఆ దశలో ఆడపిల్లల మీద పెళ్లి ఒత్తిడి ఎక్కువవుతుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. మీ ఇంట్లో ఆ మాట వచ్చిన రోజు మీరు ఆమె పక్షాన నిలబడతారా అన్నది ఇప్పుడే ఆలోచించుకోండి. అయితే దారి అదొక్కటే కాదు. విత్తన పరిశ్రమకు హైదరాబాద్ దేశంలోనే పెద్ద కేంద్రం. ప్రైవేటు విత్తన కంపెనీలు ఎమ్మెస్సీ వాళ్లను కూడా బ్రీడింగ్ విభాగంలోకి తీసుకుంటాయి. బీఎస్సీతోనే వ్యవసాయాధికారి పోస్టులు, బ్యాంకుల్లో వ్యవసాయ అధికారుల పోస్టులు రాయవచ్చు. డాక్టరంత త్వరగా, డాక్టరంత డబ్బు మాత్రం రాదు. ఆశ పెట్టుకోకండి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి, అమ్మా, చేర్పించండి. చేర్పించే ముందు ఒక పని చేయండి. మీ వారిని కూడా తీసుకుని ముగ్గురూ ఒకసారి మార్టేరు వెళ్లండి. ముందే అడిగి వెళ్లి, ఒక శాస్త్రవేత్తతో గంటసేపు మడుల మధ్య తిరగండి. మీ వారు అడగాల్సిన ప్రశ్నలు ఆయన్నే అడగనివ్వండి.

ఇక ఆ కవర్లోని గింజలు. ఈ సార్వాకు నారుమడిలో ఒక మూల విడిగా పోయించి, ఊడ్పుల రోజున గట్టు పక్కన ఒక వరుసగా, కుదురుకు ఒక్కొక్క మొక్క చొప్పున నాటించండి. పక్కనే మీ మామూలు రకం ఒక వరుస ఉండాలి. ఈనిన తేదీలు ప్రతి దుబ్బుకూ ఒక నోటు పుస్తకంలో రాసుకోమనండి. వరుసంతా ఒకేలా ముందే ఈనితే అది విత్తనంలో కలిసి వచ్చిన వేరే రకం అయ్యుండొచ్చు. కొన్ని ముందు, కొన్ని ఆలస్యంగా ఈనితే ఎక్కడో సంకరం జరిగి ఉండొచ్చు. అన్నీ పక్క వరుసతో పాటే ఈనితే పోయినసారి చూసిన తేడా ఆ మడి నేలదో నీళ్లదో కావచ్చు. ఏది తేలినా ఆ పుస్తకం నాకు పంపమనండి, తప్పకుండా చదువుతాను.