చిట్టెలుక పొట్టంతా వెలుగుతుంటే కొత్త నానోకణాలు కొనాలా?

కణితిని చూద్దామని చిట్టెలుకకు ఫ్లోరసెంట్ నానోకణాలు (కాంతి పడితే వెలిగే అతిసూక్ష్మ కణాలు) ఎక్కిస్తే కణితి కన్నా పొట్టే ఎక్కువ వెలుగుతోందని, ఇంకా కాంతిమంతమైనవి కొనాలా అని అడిగారు. కొనకండి. ముందు ఏమీ ఎక్కించని ఎలుకను అదే కెమెరా కింద పెట్టి చూడండి.

ఈ పనిలో చాలాకాలం ఉన్నాను. ఒకసారి మా ల్యాబ్‌లో కొత్తగా చేరినామె ఎలుకకు మత్తు ఇచ్చి, పొట్ట మీది వెంట్రుకలు తీసి, వెల్లకిలా పడుకోబెట్టింది. ఎర్ర కాంతి పడగానే తెర మీద పేగులు మెలికలు మెలికలుగా వెలిగిపోయాయి. నానోకణాలు ఎక్కించే సూది తోకలో ఇంకా గుచ్చనే లేదు! కారణం మేత. మామూలు ఎలుకల మేతలో ఆల్ఫాల్ఫా అనే పశుగ్రాసం కలుస్తుంది. అందులోని పత్రహరితం 680 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఎర్రగా, వెలుగుతుంది. ఆల్ఫాల్ఫా లేని శుద్ధ మేతకు మార్చి, కొన్ని రోజులాగి చూస్తే ఆ వెలుగు చాలావరకు పోయింది.

మేత మార్చినా పక్కటెముకల కింద వెలుగుతుంటే అది కాలేయమే. రక్తంలో దిగిన నానోకణాలకు ప్రోటీన్లు అంటుకుంటాయి, కాలేయంలో రక్తాన్ని శుభ్రం చేసే కుప్ఫర్ కణాలు వాటిని మింగేస్తాయి. నానోకణాల మీద వేసే పాలిథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్ పూత దీన్ని ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు. పూతతో సహా సుమారు 5.5 నానోమీటర్ల లోపు ఉంటేనే మూత్రపిండాలు వాటిని సులువుగా బయటికి పంపుతాయి.

నాకు ఒళ్లు మండేది పరిశోధన పత్రాలతో. కణితి దగ్గర బొమ్మ కత్తిరించి, రంగుల స్కేలు సర్ది, కాలేయాన్ని చూపించకుండా అచ్చు వేస్తారు. అవి చూసే మీలాంటివాళ్లు తమ కణాలే పనికిరావనుకుంటారు. జంతువు మొత్తం బొమ్మ, విడదీసిన అవయవాల బొమ్మ లేని పత్రాన్ని నేను నమ్మను.

క్వాంటమ్ డాట్స్ అనే అర్ధవాహక నానోస్ఫటికాలకు 2023లో నోబెల్ వచ్చింది, వాటి కాంతికి తిరుగులేదు. కానీ కాడ్మియం అనే విషలోహం ఉన్నవి కాలేయంలో నెలల తరబడి తిష్ఠ వేస్తే ఆ కాంతి ఎవరికి కావాలి? ఆసుపత్రుల్లో 1950ల నుంచి వాడుతున్న ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు వాటంత కాంతిమంతం కాదు. అయినా నిమిషాల్లో రక్తం నుంచి తొలగి పిత్తరసంతో బయటికి పోతుంది, అందుకే నిలిచింది. పైగా దాని వెలుగులో ఒక భాగం 1000 నానోమీటర్లు దాటి కూడా ఉంటుంది. అక్కడ కాంతి కణజాలంలో తక్కువగా చెదురుతుంది కాబట్టి రక్తనాళాలు స్పష్టంగా కనిపిస్తాయి.

డబ్బుంటే ఆ తరంగదైర్ఘ్యాలను పట్టే ఇండియం గాలియం ఆర్సెనైడ్ కెమెరా మీద పెట్టండి. లేకపోతే ముందు మేత మార్చండి.